ఐదు నిమిషాల సర్వపిండి

మా ఇంట్లో సర్వపిండి ఐదు నిమిషాల్లో తయారవుతుంది. ఇది గొప్పకు చెబుతున్న మాట కాదు, గడియారం చూసి కట్టిన లెక్క. రాతపూర్వకమైన రుజువు మా ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉంది. హైదరాబాద్‌లో ఆదివారం పొద్దుగూకితే చాలు, తీరికలేని కుటుంబాలు ఫోను తీసి వీధి చివరి బిర్యానీని గుమ్మం దాకా రప్పించుకుంటున్నాయి. ఇంటి తిండి ఎంత సులువో తెలిసి కూడా ఇలాంటి సమయంలో నోరు మెదపకుండా కూర్చోవడం పౌరధర్మం కాదని తోచి ఈ వ్యాసానికి పూనుకున్నాను.

ముందు తీరికలేని కుటుంబం అంటే ఏమిటో తేల్చుకోవాలి. మాది మియాపూర్, ఇంట్లో ఐదుగురం. నా ఉద్యోగం హైటెక్ సిటీలో. మెట్రోలో వెళ్లాలంటే అమీర్‌పేట దాకా పోయి, రైలు మారి, మళ్లీ ఇటువైపే తిరిగి రావాలి. కారులో వెళ్లాలంటే కొత్తగూడ దగ్గర ముందున్న కారు వెనక అద్దం మీది రాతలన్నీ కంఠస్థం చేయాలి. ఏది మేలో ఆలోచించడంలోనే నా ఉదయాలు కరిగిపోతాయి. మా ఆవిడ బ్యాంకులో పనిచేస్తుంది. పొద్దున అందరికీ డబ్బాలు కట్టి వెళ్తుంది, రాత్రి ఏడింటికి వచ్చి, చెప్పులు విప్పిన చేత్తోనే కుక్కర్ పెడుతుంది. అయితే ఆవిడకు తీరిక లేదని చెప్పడానికి ఆధారం లేదు, ఎందుకంటే ఆ మాట ఆవిడ నోట ఎన్నడూ వినలేదు. తీరిక లేకపోవడం అంటే తీరిక లేదని పదిమందికీ చెప్పుకోవడం. ఆ పని మా ఇంట్లో నేను ఒక్కడినే చేస్తాను. కనుక మాది తీరికలేని కుటుంబం.

ఇక కాలం సంగతి. వంటలో కాలాన్ని ఎక్కడినుంచి కొలవాలి అన్నది చాలా లోతైన ప్రశ్న. దీనికి సమాధానం నాకు ఫోనులో దొరికింది. వంట వీడియోలో ముందు ఒక చేయి కనిపిస్తుంది. దాని పక్కన ఎనిమిది చిన్న గాజు గిన్నెలుంటాయి. ఒకదానిలో సన్నగా తరిగిన ఉల్లిపాయలు, ఇంకొకదానిలో నానిన పప్పు, మరొకదానిలో పొట్టు తీసిన వెల్లుల్లి. చేయి ఒక్కొక్క గిన్నెనే బోర్లిస్తుంది, ఐదు నిమిషాల్లో వంటకం సిద్ధం. ఆ ఉల్లిపాయలు తరుగుతూ కళ్లనీళ్లు పెట్టుకున్నది ఎవరని అడిగిన ప్రేక్షకుడు ఇంతవరకూ లేడు. అడగకూడదు కూడా. నాటకంలో తెర లేవకముందు జరిగేదాన్ని పూర్వరంగం అంటారు, అది చూద్దామని టికెట్టు కొనేవారు ఉండరు. నేను ఈ సూత్రాన్ని ఇంటికి అన్వయించాను. నేను వంటగదిలో అడుగుపెట్టిన క్షణాన వంట మొదలవుతుంది, బయటికి వచ్చిన క్షణాన ముగుస్తుంది.

సర్వపిండినే ఎందుకు ఎంచుకున్నానంటే, పిల్లలతో సరదాగా చేయడానికి తెలంగాణ వంటల్లో దానికి మించింది లేదు. కారంకారంగా, అంచు కరకరలాడుతూ, నడుమ మెత్తగా ఉంటుంది. కోస్తా వైపు ఇంచుమించు ఇలాంటిదాన్నే తపాలా చెక్క అంటారు. సర్వ అన్నా తపాలా అన్నా గిన్నే, రెండు పేర్లలోనూ గొప్పతనం దానిదే. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, వేయించి కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, నువ్వులు, కరివేపాకు, ఉల్లికాడలు, వెల్లుల్లి, కారం, ఉప్పు వేసి నీళ్లతో ముద్దగా కలుపుతారు. గోధుమపిండికి ఉండే జిగురు బియ్యప్పిండికి ఉండదు, చపాతీలా కర్రతో వత్తబోతే అంచులు పగులుతాయి. అందుకే నూనె రాసిన లోతైన గిన్నెలో ముద్దను వేసి, అడుగుకూ గోడలకూ చేత్తో అద్ది, వేలితో చిల్లులు పెట్టి, చిల్లుల్లో నూనె చుక్కలు వేసి, మూత పెట్టి సన్నని సెగ మీద కాలుస్తారు. నూనె ఆ చిల్లుల గుండా అడుగుకు చేరి కరకరలాడేటట్టు చేస్తుంది.

ఈ మొత్తంలో నిజమైన సరదా చిల్లులు పెట్టడం. అది నేను తీసుకున్నాను.

చిల్లులు పెడుతూ, సెగ, ఆవిరి, నూనె మధ్య సంబంధాన్ని పిల్లలకు వివరించాను. పాప ఐదో తరగతి, శ్రద్ధగా వింది. బాబు యూకేజీ, వాడు బియ్యప్పిండిని గుప్పెట్లతో పైకి విసిరి మంచు కురిపించాడు. దాన్ని కూడా వంటలో భాగంగానే చూడాలని, పసివాళ్ల సృజనను ఆపకూడదని మా ఆవిడకు సూచించాను. ఆవిడ నా వైపు చూసి, చీపురు తెచ్చి పాప చేతికిచ్చింది. ఈలోగా నేను గిన్నెను వెలుతురు పడే చోటికి జరిపి, నా వేలు కనిపించేటట్టు ఫొటో తీయించుకుని, ‘ఇంట్లో మేమే చేసుకున్నాం’ అని బంధువుల బృందానికి పంపి, చేతులు కడుక్కున్నాను. ఐదు నిమిషాలు.

ఆ తర్వాత జరిగినదాన్ని ఉపసంహారం అనవచ్చు. ఒక సర్వపిండి కాలి, గిన్నె చల్లారి, రెండోదానికి సిద్ధం కావడానికి పావుగంట పడుతుందట. కాల్చి తీసిన గిన్నె నిప్పులా ఉంటుంది, అందులో పచ్చిపిండిని చేత్తో అద్దడం సాధ్యం కాదు. గిన్నె అడుగున నీళ్లు పోసి చల్లార్చి, తుడిచి, మళ్లీ నూనె రాయాలి. మనిషికి రెండు చొప్పున ఐదుగురికి పది. అరిటాకు మీద అద్ది పెనం మీదికి జారవిడిస్తే పని తొందరగా తెములుతుంది కదా అని హాల్లోంచే సలహా ఇచ్చాను. మా అత్తగారు కరీంనగర్ మనిషి. “అట్లా చేస్తే అది సర్వపిండి కాదు అల్లుడుగారూ, అట్టు అవుతుంది” అన్నారు. సంప్రదాయవాదులతో వాదన పెట్టుకోవడం నా పద్ధతి కాదు.

రెండు గిన్నెలుంటే సగం సమయంలో అయిపోయేదని కొందరు పాఠకులకు తోచవచ్చు. రెండు గిన్నెలు ఉన్నాయి. మా అత్తగారు ఊరి నుంచి రెండింటినీ చీరల మధ్య భద్రంగా చుట్టి తెచ్చారు. రెండోది అంతకుముందు ఆదివారం నుంచి నానుతోంది.

ఆ ఆదివారం నా కార్యక్రమం పల్లీపట్టీ. బెల్లం, పల్లీలు, రెండంటే రెండే సరుకులు, తీరికలేని ఇంటికి ఇంతకంటే అనువైనది ఏముంటుంది? కష్టమంతా పాకంలో ఉంది. పళ్లెంలో నీళ్లు పోసి పాకం చుక్క వేస్తే, వేళ్ల మధ్య మెత్తగా ఉండ కట్టిందంటే అరిసెలకు తగిన పాకం. ఇంకాస్త ముదిరి, పళ్లేనికి వేసి కొడితే టంగుమని మోగి, విరిస్తే పుటుక్కున విరిగితే పల్లీపట్టీకి తగిన పాకం. అది దాటితే చేదు. ఈ చివరి రెండు దశలకూ మధ్య ఎంత దూరం ఉంటుందో నేను స్వయంగా కనుగొన్నాను. ఒక ఆఫీసు ఫోను దూరం ఉంటుంది. “రెండే నిమిషాలు మాట్లాడాలి” అన్నారు. వాళ్ల నిమిషాలూ నా పద్ధతిలోనే కొలిచినవని తర్వాత తెలిసింది.

గిన్నె అడుగున నల్లటి పొర కట్టింది. నేను వెంటనే అందులో నీళ్లు పోసి నానబెట్టాను. ఇంటి పనుల్లో నానబెట్టడం నా విభాగం. దాని తర్వాతి విభాగం ఏమిటో నాకు సరిగా తెలియదు. నేను రాత్రి నానబెట్టిన గిన్నె ఏదైనా సరే తెల్లారేసరికి దానంతట అదే తోముకుని గట్టు మీద బోర్లించి ఉంటుంది, పెళ్లయిన నాటి నుంచీ ఇదే అనుభవం. ఈసారి ఎందుకో అలా జరగలేదు. ఎనిమిది రోజులైంది. గిన్నెల నాణ్యత పడిపోయిందని అనుమానం.

ఖుబానీ కా మీఠా గురించి ఎక్కువ చెప్పను. బేగంబజార్‌లో ఎండు ఖుబానీలు కొని, రాత్రి నానబెట్టి (చూశారా, నా విభాగం), మర్నాడు గింజలు తీసి, గుజ్జును చక్కెరతో ఉడికించాలి. గింజ పగలగొడితే లోపల బాదంపప్పులాంటి పలుకు ఉంటుంది, దాన్ని పైన అలంకరిస్తారు. పగలగొట్టే పని పిల్లలకు ఇవ్వడం చక్కని ఆలోచన, రోటిబండ ఇవ్వడం మాత్రం కాదు. హాల్లో సోఫా కింద పగిలిన టైలు ఆ ప్రయోగానికి జ్ఞాపకంగా ఉంది. ఎయిర్ ఫ్రయ్యర్ కూడా కొన్నాను. అందులో ఉల్లిపాయలు పోసుకుంటున్నాం, గాలి ఆడి పాడవకుండా ఉంటున్నాయి.

ఇక్కడ ఒక ఫిర్యాదు. ఇంటి వంటను సరదాగా మార్చాలన్న నా ఉద్యమానికి ఇంట్లోనే చాటుగా అడ్డు తగులుతున్నారు. మా అత్తగారు బుధవారం రాత్రి పుట్నాలు, ఎండుమిర్చి, ఎండుకొబ్బరి, వెల్లుల్లి, ఉప్పు మిక్సీలో వేసి ఒక తిప్పు తిప్పారు. పుట్నాలు ముందే వేగినవి కాబట్టి పొయ్యి వెలిగించే పని కూడా లేదట. వేడి అన్నంలో ఆ పొడి, నెయ్యి కలిపితే పిల్లలు మారు మాట్లాడకుండా తిన్నారు. శనివారం నువ్వులు చిటపటలాడేదాకా వేయించి, బెల్లంతో కలిపి దంచి ఉండలు కట్టారు. నువ్వుల్లో ఉన్న నూనెకే ఉండ కడుతుంది, పాకం పట్టే బాధ లేదట. డబ్బా నిండా చేసి పెట్టారు, బడి నుంచి రాగానే పిల్లలు చెరొకటి తీసుకుంటున్నారు. మిగిలిన రొట్టె ముక్కల్ని నెయ్యిలో వేయించి, చక్కెర పాకం, యాలకులు కలిపిన పాలు పోసి డబల్ కా మీఠా కూడా చేశారు. గిన్నెలు ఎక్కువ పడలేదు, నేల మీద పిండి కురవలేదు, ఎవరూ ఫొటో తీయలేదు. ఇలా ఎవరికీ తెలియకుండా తిని లేచిపోతే ఇంటి వంటకు ప్రచారం ఎలా వస్తుంది?

2019లో యునెస్కో హైదరాబాద్‌ను ఆహార సంస్కృతికి సంబంధించిన సృజనాత్మక నగరాల జాబితాలో చేర్చింది. నగరానికి గుర్తింపు తెచ్చినవాటిలో మా మూడో అంతస్తు వంటగది ఎందుకు లేదో ఇప్పుడు అర్థమవుతోంది. పొడి డబ్బాలో పోసి మూత పెట్టేవాళ్లను ప్రపంచం ఎలా గుర్తిస్తుంది!

ఇక ఆ రుజువు సంగతి. పాపకు బడిలో గణితంలో కాలం పాఠం నడుస్తోంది. ఇంట్లో జరిగే ఏదైనా ఒక పనిని గమనించి, ఎవరు ఎంతసేపు చేశారో పట్టిక వేసుకు రమ్మన్నారు. సర్వపిండి చేసిన రోజున అది గోడ గడియారానికి ఎదురుగా పీట వేసుకుని కూర్చున్న సంగతి నేను గమనించలేదు. పట్టికలో ఇలా ఉంది. అమ్మ రైతుబజారుకు వెళ్లి ఉల్లికాడలు, కరివేపాకు తేవడం ముప్ఫై నిమిషాలు. అమ్మమ్మ పల్లీలు వేయించి పొట్టు తీసి దంచడం, తరగడం, వలవడం నలభై. అమ్మ పిండి కలపడం ఇరవై. అమ్మ పది సర్వపిండ్లు అద్ది కాల్చడం నూట యాభై. అమ్మ గిన్నెలు తోమి, పొయ్యి, గట్టు తుడవడం నలభై ఐదు. నేను తమ్ముడు చల్లిన పిండి ఊడ్వడం పది. నాన్న చిల్లులు పెట్టడం, ఫొటో ఐదు. కింద గీత గీసి, మొత్తం ఐదు గంటలు అని రాసి, నిమిషాల్లోంచి గంటల్లోకి మార్చిన లెక్క కూడా పక్కనే చూపించింది. ఒక్క తప్పు లేదు.

మా ఆవిడ ఆ కాగితాన్ని నిలబడే చదివింది. ఏమీ అనలేదు. అయస్కాంతం తీసుకుని, ఫ్రిజ్ తలుపు మీద సరిగ్గా నా కళ్లకు ఎదురయ్యే ఎత్తున అంటించింది. నేను దగ్గరికి వెళ్లి చూశాను. నా పేరుకు ఎదురుగా, చక్కటి గుండ్రటి అక్షరాల్లో, ఐదు నిమిషాలు. నేను మొదటి నుంచీ చెబుతున్నది అదే కదా!

“వచ్చే ఆదివారం నేనూ అమ్మా శిల్పారామం వెళ్లి రాత్రికి వస్తాం. మీరు ఐదు నిమిషాల్లో సర్వపిండి చేసి పెట్టండి” అంది మా ఆవిడ.

నిశ్చింతగా వెళ్లి రమ్మన్నాను. శనగపప్పు ఎన్ని గంటలకు నానబెట్టాలో మాత్రం ఆవిడ ఆటో ఎక్కేలోగా అడిగి తెలుసుకోవాలి.