బేస్‌బాల్‌కు వేసిన మందు, మిగిలిన జబ్బు

2023 ఫిబ్రవరి 25న ఫ్లోరిడాలోని నార్త్ పోర్ట్‌లో అట్లాంటా బ్రేవ్స్, బోస్టన్ రెడ్ సాక్స్ జట్లు ఆడిన ఒక సన్నాహక మ్యాచ్‌ను అమెరికా బేస్‌బాల్ అభిమానులు ఇప్పటికీ తమ వాదనల్లోకి లాక్కొస్తుంటారు. తొమ్మిదో ఇన్నింగ్స్ చివరికొచ్చింది, స్కోరు 6-6. పరుగు దారిలోని మజిలీలైన మూడు బేస్‌ల మీదా రన్నర్లున్నారు, ఇద్దరు ఔటయ్యారు, బ్యాటర్ ఖాతాలో మూడు బాల్స్, రెండు స్ట్రైకులు. నాలుగో బాల్ పడితే బ్యాటర్‌కు మొదటి బేస్ ఉచితం, మూడో స్ట్రైక్ పడితే అతడు ఔట్. అంటే తర్వాతి బంతితో తేలిపోవలసిన మ్యాచ్. ఆ బంతి పడనే లేదు. గడువులోగా బ్యాటర్ సిద్ధం కాలేదంటూ అంపైర్ మూడో స్ట్రైక్ ప్రకటించాడు. బంతి విసిరే పిచర్‌దే తప్పనుకుని మొదటి బేస్ వైపు కదలబోయిన ఆ బ్యాటర్, తానే ఔటయ్యానని తెలిసి నివ్వెరపోయాడు. సన్నాహక మ్యాచ్ కావడంతో అది టైగా ముగిసింది.

బంతికీ బంతికీ మధ్య సమయానికి గడువు పెట్టే కొత్త పిచ్ క్లాక్ అమలైన తొలి రోజుల్లోనే జరిగిన ఈ ఘటన మార్పును వ్యతిరేకించేవారికి ఆయుధమైంది. గడియారంతో పనిలేని ఆట అనే పేరే తమ ఆటకు గౌరవమనీ, దాన్ని తీసుకెళ్లి బాస్కెట్‌బాల్ పక్కన కూర్చోబెట్టారనీ వారు ఆగ్రహించారు. కానీ ఆ తర్వాతి సీజన్లలో జరిగింది చూస్తే, నాలుగేళ్లుగా వచ్చిపడిన మార్పులన్నిటిలోకీ ఆటకు అతి తక్కువ హాని, అతి ఎక్కువ మేలు చేసింది ఆ గడియారమేనని చెప్పక తప్పదు. అభిమానుల చర్చ మాత్రం సంప్రదాయం ఒక వైపు, ఆధునికత మరో వైపు అన్నట్టుగా సాగుతోంది. ఆ గీత గీసింది తప్పు చోట అని నా అభిప్రాయం. ఒక నిబంధన ఆటలోకి చొరబడిన చెత్తను ఊడుస్తోందా, లేక గెలుపోటములను నిర్ణయించే పోటీలోనే వేలు పెడుతోందా అన్నదే అడగవలసిన ప్రశ్న.

గడియారం సంగతే చూద్దాం. బేస్‌లు ఖాళీగా ఉంటే 15 సెకన్లలో, రన్నర్లుంటే 20 సెకన్లలో పిచర్ బంతి వేయడం మొదలుపెట్టాలన్నది అమెరికా అగ్రశ్రేణి లీగ్ అయిన మేజర్ లీగ్ బేస్‌బాల్ 2023లో పెట్టిన నిబంధన. 2024లో ఆ 20ని 18కి తగ్గించారు. పిచర్ ఆలస్యం చేస్తే ఒక బాల్, గడియారంలో ఎనిమిది సెకన్లు మిగిలేసరికి బ్యాటర్ సిద్ధంగా లేకపోతే ఒక స్ట్రైక్. ఇదంతా కొత్త ఆలోచనేమీ కాదు. బేస్‌లు ఖాళీగా ఉన్నప్పుడు 12 సెకన్లలో బంతి వేయాలని నిబంధనల పుస్తకంలో అంతకుముందు నుంచే ఉంది, కాకపోతే దాన్ని పట్టించుకున్న అంపైర్ కనిపించేవాడు కాదు. ఆ అలసత్వం నీడలోనే ప్రతి బంతికీ బ్యాటర్ గ్లవ్స్ విప్పి బిగించడం, పిచర్ తాను నిలబడే మట్టిదిబ్బ చుట్టూ పచార్లు చేయడం అలవాటై, 2021కి తొమ్మిది ఇన్నింగ్స్ మ్యాచ్ సగటు 3 గంటల 10 నిమిషాలకు చేరింది. 2023లో అది ఒక్కసారిగా 2 గంటల 40 నిమిషాలకు దిగింది. 1985 తర్వాత ఇంత తక్కువ సగటు ఇదే. అంటే మన తండ్రుల తరం నాటి అమెరికా అభిమాని చూసిన నిడివికే ఆట తిరిగి వచ్చింది. తగ్గిన అరగంటలో ఒక్క పరుగు గానీ, ఒక్క ఔట్ గానీ పోలేదు, పోయింది తాత్సారమే. 2022లో 6.45 కోట్ల దగ్గరున్న స్టేడియం ప్రేక్షకుల సంఖ్య మరుసటి ఏడాది ఏడు కోట్లు దాటింది. కరోనా నీడ పూర్తిగా తొలగడం కూడా అందుకు ఒక కారణమే కాబట్టి ఘనతంతా గడియారానికే కట్టబెట్టలేం. అయినా మర్నాడు పనికి వెళ్లవలసిన మనిషి వారం మధ్యలో పిల్లల్ని వెంటబెట్టుకుని మ్యాచ్‌కు వెళ్లి పది లోపు ఇల్లు చేరగలగడం చిన్న విషయం కాదు. ఆ రకం మనుషుల్లో డాలస్ శివార్లలో స్థిరపడి, ఆర్లింగ్టన్‌లో టెక్సాస్ రేంజర్స్ ఆట చూడటం అలవాటు చేసుకుంటున్న మన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి.

క్రికెట్ కూడా ఇదే దారిలో నడిచింది. ఓవర్‌కూ ఓవర్‌కూ మధ్య 60 సెకన్లకు మించకూడదన్న స్టాప్ క్లాక్‌ను పురుషుల అంతర్జాతీయ వన్డేలు, టీ20ల్లో ఐసీసీ 2024లో శాశ్వతం చేసింది. దాని వల్ల క్రికెట్ క్రికెట్ కాకుండా పోయిందని ఎవరూ అనలేదు.

గడియారంతో పాటే వచ్చిన పెద్ద బేస్‌ల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 15 అంగుళాల బేస్‌ను 18 అంగుళాలు చేశారు. రన్నర్‌ను కట్టడి చేయడానికి పిచర్ బంతి వేయడం ఆపి దిబ్బ మీద నుంచి కాలు తీయగలిగేది ఒక్కో బ్యాటర్ వంతులో రెండుసార్లేనన్నారు, మూడోసారి తీసి రన్నర్‌ను ఔట్ చేయలేకపోతే అతనికి తర్వాతి బేస్ ఉచితం. బ్యాటర్ కొట్టకుండానే రన్నర్ ఉరికి తర్వాతి బేస్ చేరడాన్ని బేస్ దొంగతనం అంటారు. 2022లో 2,486గా ఉన్న ఈ దొంగతనాలు 2023లో 3,503కు ఎగబాకాయి. రొనాల్డ్ అకూన్యా జూనియర్ ఆ ఏడాది 41 హోమ్ రన్లు కొట్టి 73 బేస్‌లు దొంగిలించాడు, మరుసటి ఏడాది షోహెయ్ ఒహ్తానీ 54 హోమ్ రన్లు కొట్టి 59 దొంగిలించాడు. పరుగెత్తే కాళ్లకు మళ్లీ విలువ దొరికింది. పదిలో ఎనిమిది ప్రయత్నాలు ఫలిస్తున్నప్పుడు దొంగతనంలో సాహసం ఎక్కడుందని గొణిగేవారున్నారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు, కానీ ఎవరూ పరుగెత్తని పాత రోజులకంటే ఇదే మేలు.

షిఫ్ట్ మీద నిషేధం దగ్గర మాత్రం నేను మార్పును సమర్థించేవారితో విడిపోతాను. ఎడమచేతి బ్యాటర్ బంతిని ఎక్కువగా కుడివైపుకే కొడతాడని లెక్కలు చెబితే, బేస్‌ల దగ్గర కాచే నలుగురు ఇన్‌ఫీల్డర్లలో ముగ్గురిని అటే మోహరించడం షిఫ్ట్. 2023 నుంచి రెండో బేస్‌కు ఇరువైపులా ఇద్దరేసి ఉండాలనీ, నలుగురూ ఇన్‌ఫీల్డ్ హద్దు లోపలే నిలబడాలనీ ఆంక్ష పెట్టారు. క్రికెట్‌లో లెగ్ సైడ్ ఫీల్డర్ల మీద పరిమితి ఉంది కదా అని అడగవచ్చు. అది బౌలర్ ప్రతికూల వ్యూహాన్ని అడ్డుకోవడానికి పెట్టినది. ఇక్కడ అడ్డుకున్నది ప్రత్యర్థి బలహీనతను చదివి, కాచుకుని, దెబ్బతీసే తెలివిని. ఖాళీగా వదిలిన వైపుకు బంతిని తోయడం నేర్చుకోవలసిన బ్యాటర్‌కు ఆ శ్రమ తప్పించారు. పోనీ అంత చేసినా ఫలితం దక్కిందా? లీగ్ మొత్తం బ్యాటింగ్ సగటు, అంటే బ్యాటింగ్ అవకాశాల్లో బంతిని కొట్టి బేస్ చేరిన వంతు, 2022లో 0.243, నిషేధం వచ్చిన 2023లో 0.248, మళ్లీ 2024లో 0.243. రోగం ఒక చోట ఉంటే కట్టు మరో చోట కట్టారని ఆ మూడు అంకెలే చెబుతున్నాయి.

ఇంతకంటే పెద్ద చిక్కు, తొమ్మిది ఇన్నింగ్స్‌లో తేలనప్పుడు ఆడే అదనపు ఇన్నింగ్స్‌లో ఉంది. కరోనా కాలంలో, 2020లో, తాత్కాలికమంటూ తెచ్చి 2023లో శాశ్వతం చేసిన నిబంధన ప్రకారం, పదో ఇన్నింగ్స్ నుంచి ప్రతి జట్టూ రెండో బేస్ మీద ఒక రన్నర్‌తోనే మొదలుపెడుతుంది. అతడు అక్కడికి రావడానికి ఏమీ చేయలేదు, అతణ్ని అక్కడికి రానిచ్చిన పిచర్ తప్పూ లేదు. అభిమానులు అతణ్ని దెయ్యం రన్నర్ అనడం ఊరికే కాదు. పిచర్లు అలసిపోకుండా, మ్యాచ్ అర్ధరాత్రి దాటకుండా ఉండాలన్న ఉద్దేశం అర్థమవుతుంది. అందుకు జపాన్ వారి మార్గం ఇంకా నిజాయితీగా ఉంది. 12 ఇన్నింగ్స్ ఆడినా తేలకపోతే వారు టై అని ఒప్పుకుని ఇళ్లకు వెళ్తారు. అమెరికా లీగ్ టైని అవమానంగా భావించి, దానికి బదులు కష్టపడకుండా వచ్చిన పరుగును భరిస్తోంది.

ఈ నిబంధన మీద లీగ్‌కే నమ్మకం లేదనడానికి సాక్ష్యం వేరే వెతకనక్కరలేదు. టైటిల్ కోసం అక్టోబరులో ఆడే పోస్ట్ సీజన్ మ్యాచ్‌లకు ఇది వర్తించదు. 2025లో లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్, టొరంటో బ్లూ జేస్ మధ్య మూడో మ్యాచ్ 18 ఇన్నింగ్స్ నడిచింది. 6 గంటల 39 నిమిషాల తర్వాత ఫ్రెడ్డీ ఫ్రీమన్ హోమ్ రన్‌తో డాడ్జర్స్ 6-5తో గెలిచింది. మన గడియారం ప్రకారం తెల్లవారుజామున మొదలైన ఆట మధ్యాహ్న భోజనాల వేళకు ముగిసింది. ఆ మ్యాచ్‌లో ఒహ్తానీ తొమ్మిదిసార్లు బేస్ చేరాడు. పదో ఇన్నింగ్స్‌లో దెయ్యాన్ని దింపి ఉంటే ఇందులో సగం జరిగేది కాదు. అక్టోబరులో పనికిరాని నిబంధన జూన్‌లో ఎలా పనికొస్తుందో లీగ్ పెద్దలు ఇంతవరకూ సూటిగా చెప్పలేదు.

పిచర్ బదులు బ్యాటింగ్‌కే పరిమితమైన ఆటగాణ్ని దింపే వెసులుబాటు 1973లో, మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటైన అమెరికన్ లీగ్‌లో మొదలై 2022లో రెండోదైన నేషనల్ లీగ్‌కూ శాశ్వతంగా పాకింది. యాభై ఏళ్లపాటు అభిమానులను రెండు శిబిరాలుగా చీల్చిన ఈ వాదన ఇప్పుడు దాదాపు చల్లారింది. ఐపీఎల్‌లో 2023లో వచ్చిన ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధన ఆల్‌రౌండర్ల ఎదుగుదలకు అడ్డమని రోహిత్ శర్మ చేసిన విమర్శ విన్నవారికి ఆ పాత వాదన సారం వెంటనే బోధపడుతుంది.

ఇక అసలు జబ్బు దగ్గరకు వద్దాం. 2018లో అమెరికా మేజర్ లీగ్‌లలో 41,018 హిట్లు పడితే, 41,207 స్ట్రైకౌట్లు జరిగాయి. బ్యాటర్ బంతిని ఆటలోకి పంపకుండానే వెనుదిరిగిన సందర్భాలు, కొట్టి బేస్ చేరిన సందర్భాలను మించిపోవడం ఆ ఆట చరిత్రలో అదే మొదటిసారి. నేటికీ ఒక్కో జట్టు మ్యాచ్‌కు సగటున ఎనిమిదికి పైగా స్ట్రైకౌట్లు ఇస్తోంది. దీన్ని 1968 పక్కన పెట్టి చూడాలి. ‘పిచర్ల సంవత్సరం’గా పేరుబడ్డ ఆ ఏడు బ్యాటింగ్ సగటు 0.237కు పడిపోయింది. సెయింట్ లూయిస్ పిచర్ బాబ్ గిబ్సన్ తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున 1.12 పరుగులు మాత్రమే ఇచ్చాడు. ఒక లీగ్‌లో బ్యాటింగ్ కిరీటం 0.301 సగటుకే దక్కింది. అప్పటి పెద్దలు కంగారుపడి మరుసటి ఏడాదికల్లా పిచర్ నిలబడే దిబ్బ ఎత్తును 15 అంగుళాల నుంచి 10కి తగ్గించి, కొట్టకుండా వదిలినా బంతి స్ట్రైక్‌గా లెక్కకు వచ్చే హద్దునూ, అంటే స్ట్రైక్ జోన్‌నూ, కుదించారు. అంత భయపెట్టిన 1968లో జట్టుకు మ్యాచ్‌కు పడిన స్ట్రైకౌట్లు ఆరుకు లోపే. ఇప్పుడు అంతకంటే చాలా ఎక్కువ పడుతున్నా ఎవరూ దిబ్బ జోలికి పోవడం లేదు.

కారణం దాచినది కాదు. ఫాస్ట్‌బాల్ సగటు వేగం ఇప్పుడు గంటకు 94 మైళ్లు. ఐదు ఇన్నింగ్స్‌కు కాస్త అటూ ఇటూగా మొదటి పిచర్‌ను తప్పించి, ఒక్కో ఇన్నింగ్స్‌కు ఒళ్లు విరుచుకుని విసిరే కొత్త చేతులను వరుసగా దింపుతున్నారు. గిబ్సన్ 1968లో 28 మ్యాచ్‌లు మొదలు నుంచి చివరి దాకా తానే వేశాడు. ఇప్పుడు ఒక సీజన్‌లో 30 జట్ల పిచర్లంతా కలిసినా ఆ లెక్క చుట్టుపక్కలే ఆగుతున్నారు. దీని ధర మోచేతులు చెల్లిస్తున్నాయి. 2024 ఏప్రిల్‌లో పేరున్న పిచర్లు వరుసగా గాయపడినప్పుడు, గడియారాన్ని మరింత బిగించడమే కారణమని ఆటగాళ్ల సంఘం అధిపతిగా ఉన్న టోనీ క్లార్క్ ఆరోపించాడు. లీగ్ దాన్ని ఖండించింది. ఆ ఏడాది చివర్లో లీగ్ విడుదల చేసిన నివేదిక వేగం కోసం, బంతి తిరుగుడు కోసం పడుతున్న ఆరాటాన్నీ, ప్రతి బంతికీ పూర్తి బలం వాడటాన్నీ ప్రధాన కారణాలుగా చూపింది. ఎవరి ప్రయోజనం వారిదైనా, ఈ విషయంలో లీగ్ వాదనే నాకు బలంగా కనిపిస్తోంది, ఎందుకంటే గాయాల వరద గడియారానికి చాలా ముందే మొదలైంది.

మందు లేదా అంటే, ఉంది. మేజర్ లీగ్‌లో భాగం కాని చిన్న లీగ్ అయిన అట్లాంటిక్ లీగ్ 2021లో రెండు ప్రయోగాలు చేసింది. ఒకటి, పిచర్‌ను ఒక అడుగు వెనక్కి జరపడం. 1893లో 60 అడుగుల 6 అంగుళాలుగా స్థిరపడిన దూరాన్ని అలా 61 అడుగుల 6 అంగుళాలు చేశారు. అది మేజర్ లీగ్ దాకా రాలేదు. రెండోది నాకు నచ్చినది. మొదటి పిచర్‌ను తప్పించిన క్షణాన ఆ జట్టు పిచర్ బదులు బ్యాటింగ్ చేసే తన ప్రత్యేక బ్యాటర్‌నూ కోల్పోతుంది. అప్పుడు ఐదో ఇన్నింగ్స్‌లో పిచర్‌ను మార్చాలనుకునే మేనేజర్ రెండుసార్లు ఆలోచిస్తాడు, ఏడు ఇన్నింగ్స్ వేయగలిగే పిచర్ తన బలాన్ని పొదుపుగా వాడతాడు, బ్యాటర్‌కు బంతిని తాకే అవకాశం పెరుగుతుంది. ఫలానా చోట నిలబడమనో, ఇంత వేగం మించొద్దనో ఎవరికీ చెప్పకుండా, వ్యూహానికే ఒక వెల కట్టే నిబంధన ఇది.

బదులుగా 2026 సీజన్‌కు వచ్చింది స్ట్రైక్ జోన్ మీద సవాలు పద్ధతి. అంపైర్ నిర్ణయాన్ని బ్యాటర్, పిచర్, బ్యాటర్ వెనుక కీపర్‌లా కూర్చునే క్యాచర్‌లలో ఒకరు తల తట్టి సవాలు చేయవచ్చు. జట్టుకు రెండు అవకాశాలు, నెగ్గితే అవకాశం పోదు. కొరియా లీగ్ 2024 నుంచే ప్రతి బంతినీ యంత్రానికి అప్పగించింది. అంతదూరం పోకుండా, అంచున పడ్డ బంతిని ఒడుపుగా పట్టి స్ట్రైక్ అనిపించే క్యాచర్ నేర్పుకు చోటుంచిన అమెరికా పద్ధతే మెరుగు. మన డీఆర్‌ఎస్ చూసిన కళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు.

అయితే నిబంధనలు ఎవరు రాస్తారన్నది మరచిపోకూడదు. సంబంధిత కమిటీలో 11 మంది ఉంటారు, జట్ల యజమానుల పక్షాన ఆరుగురు, ఆటగాళ్లు నలుగురు, అంపైర్ ఒకరు. 2022 సెప్టెంబరులో గడియారాన్నీ, షిఫ్ట్ నిషేధాన్నీ ఆటగాళ్లు నలుగురూ వ్యతిరేకించారు, అయినా రెండూ నెగ్గాయి. గడియారం విషయంలో ఆ నలుగురూ పొరబడ్డారు, షిఫ్ట్ విషయంలో వారిదే ఒప్పు. ఇప్పుడు ఆ రెండు పక్షాల మధ్య కార్మిక ఒప్పందం గడువు 2026 డిసెంబరు 1. హువాన్ సోటోకు న్యూయార్క్ మెట్స్ 15 ఏళ్లకు ఇచ్చిన 76.5 కోట్ల డాలర్లు, డాడ్జర్స్ ఖర్చు, జీతాలకు పరిమితి ఉండాలా వద్దా అన్నదే ఆ బేరసారాలను నడిపించే అంశం. క్రితంసారి ఇలాంటి ప్రతిష్టంభన 99 రోజులు నడిచింది. ఆ బల్ల మీద పరిచే కాగితాల కట్టలో ఆరో ఇన్నింగ్స్‌లో పిచర్‌ను ఎందుకు మారుస్తున్నామన్న ప్రశ్నకు ఒక్క పుట కూడా దక్కుతుందని నేననుకోవడం లేదు.