దయ్యానికి ఇల్లు దొరకని ఊరు

మా మిత్రుడొకడు పన్నెండు కథలు రాసి, దారంతో కుట్టి నా చేతిలో పెట్టాడు. అన్నీ దయ్యాల కథలు, మాయల కథలు. అయితే భయపెట్టవట, నవ్విస్తాయట. ముందుమాట రాసిస్తే అచ్చుకిస్తానన్నాడు. రెండు రాత్రులు కూర్చుని చదివాను. బాధ్యత గల తిరుపతి పౌరుడిగా ఈ పుస్తకాన్ని ఆమోదించలేకపోతున్నందుకు చింతిస్తున్నాను.

మొదటి కథలోనే ఘోరమైన తప్పు. ఒక ఆడ దయ్యం బైరాగిపట్టెడలో ఖాళీ ఇంట్లో ఇరవై ఏళ్లుగా ఒంటరిగా ఉంటుందట. బైరాగిపట్టెడలో ఖాళీ ఇల్లు! నేను మూడు నెలలు కాళ్లరిగేలా తిరిగితే దొరికింది మేడ మీద రేకుల గది. దయ్యం వెళ్లి అడిగితే ఓనరమ్మ ఏమంటుందో నాకు తెలుసు. "ఎంతమందమ్మా మీరు? మీ ఆయన ఏం చేస్తాడు? నీచు వండుతారా?" వండనని దయ్యం నిజమే చెబుతుంది, అది పచ్చిదే తాగుతుంది కాబట్టి. సరే, అడ్వాన్సు కట్టి దిగిందనుకుందాం. రాత్రి పదింటికి గేటుకు తాళం. పన్నెండింటికి డ్యూటీ ఎక్కాల్సిన ప్రాణి ఇంకెలా బతుకుతుంది? (బతకడం అనే మాట ఇక్కడ చెల్లుతుందో లేదో పండితులు తేల్చాలి.)

పోనీ రోడ్డు మీదే ఉందామంటే, బస్టాండులో అర్ధరాత్రి కూడా "తిరుమల, తిరుమల" అని కేకలు. తాత నుంచి మనవడి దాకా గుండ్లు చేయించుకుని, వాటికి గంధం పూసుకుని, నిద్ర మొహాలతో ఒక కుటుంబం మొత్తం ట్యూబులైటు కింద నడిచొస్తుంటే దడుచుకునేది దయ్యమే. తెల్లవారుజామున మూడింటికల్లా కొండ మీద సుప్రభాతం. ఇక దానికి మిగిలేదెంత?

నాలుగో కథలో దయ్యం అలిపిరి మెట్లెక్కుతుంది. పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయి కనక ఎక్కుతుంటే దిగుతున్నట్టు అడుగులు పడతాయట. ఇక్కడ నవ్వాను, ఒప్పుకుంటాను. కానీ ఉన్నవి 3,550 మెట్లు. మెట్టు మెట్టుకూ ఎవరో ఒకరు పసుపు కుంకుమ పెట్టుకుంటూ పోతుంటారు. అవి తొక్కకుండా దయ్యం కాలు ఎక్కడ పెడుతుందో రచయిత ఒక్క ముక్క చెప్పలేదు.

ఏడో కథ మీద ఆయనకు మహా గర్వం. దుర్మార్గుణ్ణి పట్టడానికి కథానాయిక రోజుకో రూపం మారుస్తుంది. ఇలాంటి ఊహ ఇంతవరకు ఎవరికీ రాలేదంటాడు. "ఏమబ్బా, మే నెలలో నువ్వు ఊళ్లో ఉండవా?" అని అడిగాను. మన ఊరి గ్రామదేవత తాతయ్యగుంట గంగమ్మ చేసిందదే కదా. ఆడవాళ్లను చెరబట్టిన పాలెగాడు ఆమెకు భయపడి దాక్కుంటే, రోజుకో వేషంలో వెతికింది. చివరికి దొర వేషంలో వచ్చింది. దొర వచ్చాడు కదా, దండం పెట్టుకుందామని వాడు బయటికొచ్చాడు, తల పోయింది. మన ఊళ్లో మనిషిని బయటికి రప్పించే మంత్రం అమ్మవారికి అప్పుడే తెలుసు.

ఏటా మే నెలలో ఆ వేషాలే వేసుకునే గంగమ్మ జాతరలో, తోటి వేషం రోజున ఒళ్లంతా బొగ్గు పూసుకుని, వేపమండలు కట్టుకున్న కుర్రాడు టీ కొట్టు దగ్గర నిలబడి, మసి అంటకుండా ఫోన్‌ను రెండు వేళ్లతో పట్టుకుని స్కాన్ చేయడం నేను చూశాను. మాతంగి వేషం రోజు మా పక్కింటి ఆటో అతను చీర కట్టి, మల్లెపూలు పెట్టుకుని నిలబడితే భార్య మోకాళ్ల మీద కూర్చుని కుచ్చిళ్లు సర్దుతోంది. "కదలకుండా నిలబడు. మీసం తియ్యమని పది దినాలుగా చెప్తాండా." దారిన పోయేవాళ్లను వేషాలు కట్టినవాళ్లు బూతులు తిడతారు, తిట్టించుకున్నవాళ్లు దండం పెడతారు. ఇదంతా ఏటా వీధిలో ఉచితంగా జరుగుతుంటే మావాడి పుస్తకం డబ్బిచ్చి కొనేదెవరు?

ఇంత దూరం ఎందుకు, ఒకప్పుడు మన తలుపుల మీద "ఓ స్త్రీ రేపు రా" అని సుద్దముక్కతో రాసుకోలేదా? మా ఇంటి మీద మా తమ్ముడు "స్త్రి" అని రాశాడు. తప్పుల్ని క్షమించి, చదువుకుని, రేపు వద్దామని మర్యాదగా వెనుదిరిగిన దయ్యం అది. అంత అక్షరజ్ఞానం, అంత ఓర్పు ఈ పన్నెండు కథల్లో ఒక్క దయ్యానికీ లేవు.

ఇవన్నీ చెబితే మిత్రుడు నొచ్చుకున్నాడు. "అయితే ముందుమాట రాయవా?" అన్నాడు. మొహం మీద లేదని చెప్పలేక, మర్నాడు తలుపు మీద సుద్దతో రెండు మాటలు రాసిపెట్టాను.

నాలుగు రోజులుగా సంచి పట్టుకుని వస్తున్నాడు. తలుపు దగ్గర ఆగుతాడు, చదువుతాడు, వెళ్లిపోతాడు. నిన్న కిటికీ సందులోంచి ఆయన పాదాల వైపు చూశాను. చెప్పులైతే ముందుకే ఉన్నాయి.