రీస్లింగ్ మెసేజ్ ఇంకోసారి పంపే ముందు ఇది చదవండి

ఈ వారంలో ఇది ఆరోసారి. ఆఫీసు గ్రూపు, బెంగళూరు తెలుగువాళ్ళ గ్రూపు, ఆఖరికి మా ఇంటి గ్రూపులో కూడా అదే మెసేజ్, "రీస్లింగ్ వైన్ గురించి ఆరు నిజాలు". రీస్లింగ్ అంటే ఓ తెల్ల ద్రాక్ష, దాంతో చేసే వైట్ వైన్ పేరూ అదే. ఇందిరానగర్‌లో ఓ రెస్టారెంట్‌లో పదేళ్ళుగా వైన్ పోస్తున్నదాన్ని, ఇక ఊరుకోలేను.

రీస్లింగ్ అంటే తీపి వైన్ అట. లేబుల్ మీద ట్రోకెన్ (జర్మన్‌లో 'డ్రై') అని ఉంటే తీపి లేనట్టే, ఆస్ట్రేలియా క్లేర్ వ్యాలీవి కూడా చాలావరకు అంతే. స్క్రూ మూతంటే చౌక సరుకట, అదే క్లేర్ వ్యాలీలో చాలామంది 2000లో కార్కు వల్ల వైన్ పాడవుతోందని కావాలనే ఆ మూతకి మారారు. పెట్రోల్ వాసనొస్తే కల్తీ అట, రీస్లింగ్ ఏళ్ళు గడిచేకొద్దీ ఆ వాసన దానంతటదే వస్తుంది, అదంటే పడిచచ్చేవాళ్ళున్నారు.

మన కారానికి ఘాటైన రెడ్డే కరెక్టన్నది నాలుగోది. 14 శాతం ఆల్కహాల్ ఉన్న రెడ్‌తో పచ్చిమిర్చి కోడివేపుడు తిని చూడండి, మంట చెవుల దాకా పాకుతుంది, ఆల్కహాల్ కారాన్ని ఇంకా రాజేస్తుంది కాబట్టి. జర్మనీ మోసెల్ లోయలో చలికి ద్రాక్ష మెల్లగా పండుతుంది, పులుపు పోదు. అక్కడి రీస్లింగ్‌లో కాబినెట్ అనే తేలికపాటి రకం, అదీ తీపిగా ఉండేదాంట్లో ఆల్కహాల్ 8, 9 శాతమే. మొన్న డ్యూటీ అయ్యాక వంజరం వేపుడుతో తాగాం, గ్లాసుకి ఇంకా చెమ్మ పట్టి ఉంది, ఆ కాస్త తీపికి మంట దిగింది, నిమ్మకాయ పిండినట్టు నోట్లో నూనె జిడ్డు కూడా మిగల్లేదు.

ఇక ఐదోది చూసి ఒళ్ళు మండింది. షుగర్ ఉన్నవాళ్ళు రాత్రి అన్నం మానేసి రెండు గ్లాసులు డ్రై రీస్లింగ్ తాగితే షుగర్ దిగుతుందట! దిగుతుంది, నా భయం అదే. షుగర్ పడిపోతుంటే లివర్ గ్లూకోజ్ తయారుచేసి రక్తంలోకి వదలాలి, ఒంట్లో ఆల్కహాల్ ఉంటే ఆ పని సరిగ్గా జరగదు. ఇన్సులిన్ తీసుకునో గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర వేసుకునో ఖాళీ కడుపుతో తాగి పడుకుంటే తెల్లారేలోపు షుగర్ ప్రమాదంగా పడిపోవచ్చు, చెమటలు పట్టి మాట తడబడుతుంటే ఇంట్లోవాళ్ళు మత్తే అనుకుని వదిలేస్తారు. అప్పుడు ఈ మెసేజ్ రాసినాయన వచ్చి నోట్లో గ్లూకోజ్ పోస్తాడా? ఆల్కహాల్‌కి సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లోనే చెప్పింది, వైన్ పోసి జీతం తీసుకునే నేనూ అదే చెప్తున్నా. ఆ మెసేజ్ చదివి మా బాబాయ్ నెల్లూరు నుంచి ఫోన్ చేసి "అమ్మా, ఏ బాటిల్ కొనమంటావ్, మాత్ర మానెయ్యొచ్చా" అని అడిగారు. బాబాయ్, మాత్ర మానొద్దు, అన్నం మానొద్దు, ఏ బాటిలూ కొనొద్దు, ఏదన్నా మార్చాలంటే మీ డాక్టర్నే అడగండి.

ఆవకాయ ముందు ఏ వైనూ నిలబడదన్న ఆరోది మాత్రం నిజం. మూడుసార్లు ప్రయత్నించా. ఆవపిండి ఘాటు, మెంతుల చేదు, పైన అంత నూనె, ఎంత మంచి రీస్లింగైనా వట్టి పుల్లనీళ్ళే అనిపించింది. ఆవకాయకి గడ్డపెరుగే. పంపాలనుకుంటే ఆ ఒక్క లైనూ పంపండి, ఐదోది మాత్రం ఏ గ్రూపులో పెట్టారో అక్కడ ఈ రాత్రికే డిలీట్ చేయండి.