పాత ఫోన్‌లో జాగా ఎవరిది?

హైదరాబాద్‌లో చాలా ఇళ్లల్లో ఫోన్ ఒక వరస ప్రకారం చేతులు మారుతుంది. కొడుకు కొత్తది కొనుక్కుంటే అతని పాతది అమ్మకో నాన్నకో వస్తుంది. అక్కడ రెండు మూడేళ్లు నడిచాక ఇంట్లో పని చేసే అక్కకో, వాచ్‌మన్ పిల్లలకో వెళ్తుంది. 32 జీబీ స్టోరేజ్ (ఫొటోలు, యాప్‌లు దాచుకునే జాగా), 3 జీబీ ర్యామ్ (నడుస్తున్న యాప్‌లు వాడుకునే తాత్కాలిక మెమరీ) ఉన్న ఫోన్లు నగరంలో ఇంకా కనిపించేది అందుకే. పైగా 2025 చివరి నుంచి మెమరీ చిప్‌ల ధరలు బాగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ చూసి చిప్ కంపెనీలు ఉత్పత్తిని అటు మళ్లించడమే దానికి ముఖ్య కారణం. ఆ భారం కొత్త ఫోన్ల మీద పడుతోంది కాబట్టి పాతవాటితో ఇంకొన్నాళ్లు నెట్టుకురావాల్సిందే.

ఇలాంటి ఫోన్ హ్యాంగ్ అయితే ఇంట్లో మొదట వినిపించే మాట: "ఇన్ని ఫొటోలు ఎందుకమ్మా, తీసెయ్." మనవరాలి బారసాల ఫొటోలు పోతాయి. ఫోన్ మాత్రం వారం తిరక్కుండా మళ్లీ మొరాయిస్తుంది. ఇది నాకు అన్యాయంగా అనిపిస్తుంది. ఆ స్టోరేజ్‌లో పెద్ద వాటా అమ్మది కానే కాదు.

పెట్టె మీద 32 జీబీ అని ఉన్నా, ఆండ్రాయిడ్, తయారీదారు సాఫ్ట్‌వేర్ కలిసి 10 జీబీ పైనే తీసుకోవడం మామూలు. ముందే వేసి ఇచ్చిన యాప్‌లు సిస్టమ్ భాగంలో ఉంటాయి. అప్‌డేట్ వస్తే పాత కాపీ అక్కడే ఉంటుంది, కొత్తది మన వంతు జాగాలోకి వస్తుంది. అంటే ఒకే యాప్ రెండు చోట్ల. వాడని వాటికి అప్‌డేట్లు అన్‌ఇన్‌స్టాల్ చేసి, డిసేబుల్ చేసుకోవచ్చు, అంతవరకే మన చేతిలో ఉంది. 2022 అక్టోబరులో, మార్కెట్‌లో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు రూ.1,337.76 కోట్ల జరిమానా వేస్తూ, ముందే వేసిన తన యాప్‌లను వినియోగదారులు తీసేయకుండా అడ్డుకోవద్దని కూడా చెప్పింది. 2023 మార్చిలో అప్పీలు విన్న కంపెనీ లా అప్పిలేట్ ట్రిబ్యునల్ జరిమానాను నిలబెట్టి, ఆ ఆదేశాన్ని మాత్రం పక్కన పెట్టింది. పాత ఫోన్ ఉన్నవాళ్లకు ఆ జరిమానాతో ఒరిగిందేమీ లేదు, పనికొచ్చేది ఆ ఆదేశమే.

స్టోరేజ్ నిండితే ఫోన్ నెమ్మదించడానికి కారణం చిప్ పని తీరులో ఉంది. ఫోన్‌లో డేటా దాచే ఫ్లాష్ చిప్‌లో పాతదాని మీద నేరుగా రాయడం కుదరదు, ఒక బ్లాక్ మొత్తం చెరిపాకే మళ్లీ రాయగలం. ఖాళీ ఉన్నప్పుడు ఫోన్ ఈ పనిని వీలు చూసుకుని చేస్తుంది. దాదాపు నిండిపోయాక, మనం ఓటీపీ కోసం ఎదురుచూస్తున్న ఆ నిమిషంలోనే డేటాను అటూ ఇటూ జరిపి, చెరిపి, రాయాల్సి వస్తుంది. పాత చవక ఫోన్లలోని ఈఎంఎంసీ అనే నెమ్మది రకం ఫ్లాష్ చిప్‌లలో ఈ ఆలస్యం బాగా తెలుస్తుంది. పది, పదిహేను శాతమైనా ఎప్పుడూ ఖాళీ ఉంచమనేది ఇందుకే.

ర్యామ్ సంగతి వేరు. దాన్ని ఖాళీ చేస్తామనే బూస్టర్ యాప్‌లతో లాభం లేదు. ర్యామ్ చాలనప్పుడు వెనక ఉన్న యాప్‌లను ఆండ్రాయిడే మూసేస్తుంది. మనం బలవంతంగా మూస్తే అవి మళ్లీ మొదటి నుంచి తెరుచుకుంటాయి, బ్యాటరీ దండగ. ర్యామ్‌లా వాడుకోవడానికి 'వర్చువల్ ర్యామ్' స్టోరేజ్ నుంచే ముక్క తీసుకుంటుంది, నిండిన ఫోన్‌లో దాన్ని ఆపేయడమే మేలు.

అమ్మ ఫొటోల జోలికి వెళ్లే ముందు వాట్సాప్ చూడండి. సెట్టింగ్స్‌లో 'మేనేజ్ స్టోరేజ్' తెరిస్తే 5 ఎంబీ దాటిన ఫైళ్లు, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి విడిగా కనిపిస్తాయి. అపార్ట్‌మెంట్ గ్రూపు, బంధువుల గ్రూపు, భక్తి గ్రూపు, వీటి శుభోదయం వీడియోలే చాలా ఫోన్లను ముంచేది. మీడియా ఆటో డౌన్‌లోడ్ ఆపితే సగం టెన్షన్ పోతుంది. ఆ తర్వాత ఫోన్ సెట్టింగ్స్‌లో ఒక్కో యాప్‌కు 'క్లియర్ క్యాచీ' నొక్కవచ్చు, పోయేది యాప్ తాత్కాలికంగా దాచుకున్న ఫైళ్లే, నష్టం లేదు. దాని పక్కనే ఉండే 'క్లియర్ డేటా' జోలికి మాత్రం పోవద్దు. వాట్సాప్‌లో అది నొక్కితే బ్యాకప్ లేని చాట్లు పోతాయి, యూపీఐ యాప్‌లో అయితే మళ్లీ మొదటి నుంచి రిజిస్టర్ కావాలి. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయిన ఫొటోను మామూలుగా డిలీట్ చేస్తే క్లౌడ్‌లోనూ పోతుంది, 'ఫ్రీ అప్ స్పేస్' వాడితే ఫోన్‌లోది మాత్రమే పోతుంది. అయితే 2021 జూన్ 1 నుంచి అక్కడ ఉచితం 15 జీబీయే, అదీ జీమెయిల్, డ్రైవ్‌లతో కలిపి. ఇప్పుడు వాట్సాప్ బ్యాకప్ కూడా అందులోకే వస్తుంది.

కోఠిలో ఫుట్‌పాత్ మీద చవగ్గా దొరికే పెద్ద మెమరీ కార్డుతో జాగ్రత్త. అసలు సామర్థ్యం కొంచెమే ఉండి, ఫోన్‌కు ఎక్కువగా చూపించే నకిలీలు ఉంటాయి. నిండేదాకా ఏమీ తెలియదు, నిండాక ఫైళ్లు పాడవుతాయి. ముందు పనికిరాని వీడియోలతో పూర్తిగా నింపి, అన్నీ తెరుచుకుంటున్నాయో లేదో చూశాకే ఫొటోలు పెట్టండి. ఆబిడ్స్ జగదీష్ మార్కెట్ లాంటి చోట ఫోన్‌ను ఫార్మాట్ కొట్టిస్తే కొన్నాళ్లు హాయిగానే ఉంటుంది, తర్వాత అవే యాప్‌లు మళ్లీ వచ్చి చేరతాయి.

అసలు చిక్కు అక్కడే ఉంది. గ్యాస్, కరెంటు, బ్యాంకు, స్కూలు, ఆస్పత్రి, ప్రతి ఒక్కరూ తమ యాప్ వేసుకోమంటారు. యాప్ లేకుండా సేవ ఇవ్వడం కుదరదా అంటే, కుదురుతుందని ఈ నగరమే చూపించింది. 2022 అక్టోబరు నుంచి హైదరాబాద్ మెట్రో టికెట్ వాట్సాప్‌లోనే తీసుకోవచ్చు. అదే ఏడాది మార్చిలో రిజర్వ్ బ్యాంక్ ప్రారంభించిన యూపీఐ 123పే అనే చెల్లింపుల సేవ మామూలు బటన్ ఫోన్‌లోనూ పనిచేస్తుంది. పాత ఆండ్రాయిడ్ వెర్షన్లకు భద్రతా ప్యాచ్‌లు రావు కాబట్టి బ్యాంకులు వాటిలో తమ యాప్‌లను ఆపేస్తే నాకు అభ్యంతరం లేదు. కానీ ప్రభుత్వం ఏ సేవకు యాప్ తెచ్చినా, అదే సేవ బ్రౌజర్‌లో, ఎస్సెమ్మెస్‌లో కూడా దొరకాలి. ఆ యాప్ ఏ వెర్షన్ నుంచి పనిచేస్తుందో, వాడుతున్నకొద్దీ ఎంత జాగా తింటుందో ప్రకటనలోనే రాయాలి.