సవరణ: రేకు మందం, జీఐ రేకు విషయంలో నేను తప్పు రాశాను

మా నాన్నగారి పాత టాటా మెర్సిడెస్ బెంజ్ లారీకి (1954లో మొదలై 1969లో ముగిసిన ఒప్పందం నాటి బండి) కొత్త రేకులు ఎంచుకోవడం గురించి పోయిన వారం రాసినదాంట్లో రెండు తప్పులున్నాయి. అది చదివి ఎవరైనా రేకు కొనేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది.

మడ్‌గార్డులకు 18 గేజ్ కన్నా 20 గేజ్ రేకు మందమని రాశాను. అది తిరగబడింది. గేజ్ అంకె పెరిగేకొద్దీ రేకు పలచబడుతుంది. 18 అంటే సుమారు 1.2 మిల్లీమీటర్లు, 20 అంటే 0.9. పాత రేకులో తుప్పు పట్టని చోట రంగు గీకి, వెర్నియర్ కాలిపర్‌తో (మందం కొలిచే పరికరం) కొలిచి, షాపులో మిల్లీమీటర్లలోనే అడగండి.

రెండోది ఇంకా పెద్ద తప్పు. మా కావలిలో ఉప్పుగాలి కాబట్టి అన్నిటికీ జీఐ రేకే (జింకు పూత వేసిన ఇనుప రేకు) వాడమన్నాను. వెల్డింగ్ వేడికి జింకు పూత కాలిపోతుంది, తర్వాత తుప్పు మొదలయ్యేది సరిగ్గా ఆ అతుకు దగ్గరే. పైగా ఆ తెల్లటి పొగ పీలిస్తే కొన్ని గంటల్లోనే చలిజ్వరం పట్టుకుంటుంది. మొన్న డోరు అడుగు అతికేటప్పుడు మా టింకరింగ్ మేస్త్రి ముందుగా అతుకుకు రెండువైపులా అంగుళం మేర పూతంతా గ్రైండర్‌తో తీసేసి, ముక్కుకు మాస్కు కట్టుకుని, బండిని ఆరుబయట పెట్టించాకే వెల్డింగ్ టార్చ్ పట్టాడు. చల్లారాక జింక్ ప్రైమర్ కొట్టాడు.

అంత ఓపిక లేకపోతే మామూలు సీఆర్ రేకు (జింకు పూత లేనిది) తీసుకోండి. కాకపోతే డోరు లోపలివైపు, మడ్‌గార్డు అంచు మడతల్లో కూడా ప్రైమర్ దగ్గరుండి వేయించండి.

ఇప్పటికే 20 గేజ్ కొన్నవాళ్లుంటే కత్తిరించకముందే మార్చుకోండి, దయచేసి.