కొల్లేరు గీత జోలికి పోవద్దు

కొల్లేరు అభయారణ్యం సరిహద్దును ఐదో కాంటూరు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు చూపే గీత) నుంచి మూడో కాంటూరుకు దించాలన్న మాట మళ్లీ గట్టిగా వినపడుతోంది. 2008లో శాసనసభ ఏకంగా తీర్మానమే చేసింది. ఆ తర్వాత జెండాలు మారాయి, కుర్చీల్లో మనుషులు మారారు, ఈ కోరిక మాత్రం మారలేదు. కైకలూరు, ఏలూరు చుట్టుపక్కల ఎన్నికల సభల్లో ఈ హామీ విననివాళ్లు ఉండరు. ఇప్పుడు దానికి సైన్సు పేరు తగిలిస్తున్నారు. పరిస్థితులు మారాయి కాబట్టి మళ్లీ అధ్యయనం చేయించి గీత మార్చాలంటున్నారు. పరిస్థితులు మారిన మాట నిజమే. అవి ఎటు మారాయో చెప్పకుండా గీత కిందికి దించమనడం మోసం. ఆ మాట మొహమాటం లేకుండా చెప్పడానికే ఇది రాస్తున్నాం.

లెక్క ఒకసారి గుర్తుచేసుకుందాం. 1999 అక్టోబరులో, సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత లోపల ఉన్న 308 చదరపు కిలోమీటర్లను, అంటే సుమారు 77 వేల ఎకరాలను, అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు, చిత్తడి నేలల రక్షణకు ఉన్న అంతర్జాతీయ ఒప్పందం కింద రామ్‌సార్ జాబితాకెక్కింది. మూడడుగుల గీతకు దించితే మిగిలేది 135 చదరపు కిలోమీటర్లు. కాగితం మీద తేడా రెండే అడుగులు. కానీ కొల్లేటి నేల బల్లపరుపు నేల. అక్కడ రెండడుగులు దించితే సరస్సు సగానికి పైగా పోతుంది.

పోయే ఆ సగం దేనికి పనికొస్తుందో ముందు తెలుసుకోవాలి. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య కొల్లేరు ఒక పళ్లెం లాంటిది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు దాంట్లోకి వస్తాయి. చుట్టూ ఉన్న వరి చేల మురుగు కాల్వలన్నీ దాంట్లోకే వస్తాయి. పోయే దారి మాత్రం ఒక్కటే, అరవై కిలోమీటర్లకు పైగా సాగి సముద్రంలో కలిసే ఉప్పుటేరు. వచ్చే దారులు పది, పోయే దారి ఒకటి అయినప్పుడు మధ్యలో నీళ్లు కాసేపు ఆగడానికి చోటు కావాలి. మూడో కాంటూరుకూ ఐదో కాంటూరుకూ మధ్య ఉన్న నేల ఆ చోటే. మే నెలలో అది నెర్రెలు విచ్చి, ఖాళీ భూమిలా కనిపిస్తుంది. ఇక్కడ సరస్సు ఎక్కడుందని అడిగేవాళ్లంతా మే నెలలో చూసి అడుగుతారు. ఆ నేలకు పని పడేది ఆగస్టు, సెప్టెంబరుల్లో.

2024 సెప్టెంబరును ఇంత తొందరగా మర్చిపోయారా? ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. కృష్ణ అంత నిండుగా ఉంటే బుడమేరు మళ్లింపు కాల్వ నీళ్లు నదిలోకి పోలేకపోయాయి. కట్టకు గండ్లు పడ్డాయి. విజయవాడ సింగ్‌నగర్‌లో ఇళ్ల కింది అంతస్తులు మునిగాయి. గండ్లు పూడ్చడానికి సైన్యం రావాల్సి వచ్చింది. నగరం మునిగింది గండ్ల వల్ల, ఏటి దారిలో కట్టిన ఇళ్ల వల్ల. ఆ ముంపుకు కొల్లేరు ఒక్కటే కారణమని మేం అనం. కానీ టీవీ కెమెరాలు విజయవాడ నుంచి వెళ్లిపోయాక ఆ నీళ్లు ఎక్కడికి పోయాయి? నందివాడ మీదుగా కొల్లేరుకే వచ్చాయి. అక్కడి పల్లెలు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి. ఏలూరు, కైకలూరు రోడ్డు మీద చిన్నయెడ్లగాడి దగ్గర నీళ్లు పారి రాకపోకలు ఆగిపోయాయి. పెదయెడ్లగాడి వంతెన కింద గుర్రపుడెక్క దట్టంగా పేరుకుని ఉంటే, నీళ్లు దాన్ని తోసుకుంటూ నెమ్మదిగా ఉప్పుటేరు దారి పట్టాలి. పైనుంచి వరద వచ్చేస్తోంది, కింద దారి ఇరుకు, మధ్యలో ఆగాల్సిన చోట చేపల చెరువుల గట్లు. ఇప్పుడు ఆ గట్లున్న చోటునే సరస్సు కాదని చట్టంలో రాయమంటున్నారు.

వాతావరణ శాస్త్రం చెప్పేది కష్టమైన విషయమేమీ కాదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు ఏడు శాతం ఎక్కువ తేమను మోస్తుంది. మోసిన తేమ ఎక్కడో ఒకచోట దించాలి కదా. అందుకే నెల రోజుల్లో పడాల్సిన వాన రెండు రోజుల్లో కుమ్మరిస్తోంది, ఆ తర్వాత వారాల తరబడి చుక్క రాలదు. అటు కింద సముద్ర మట్టం పెరుగుతోంది. ఆనకట్టల వెనక ఒండ్రు ఆగిపోవడంతో డెల్టాకు కొత్త మట్టి రావడం తగ్గింది. సముద్రం ఎత్తు పెరిగేకొద్దీ ఉప్పుటేరు కిందికి తీసుకుపోయే నీళ్లు తగ్గుతాయి. అంటే పైనుంచి వచ్చేది పెరుగుతుంది, కిందికి పోయేది తగ్గుతుంది. ఈ రెండూ ఒకేసారి జరిగే చోట నీళ్లు ఆగే జాగా పెంచాలా, తగ్గించాలా? ఐదో కాంటూరు గీత గీసింది నిన్నటి వానలను చూసి. రేపటి వానల లెక్క తీసి గీత మార్చాలంటే దాన్ని పైకి జరపాల్సి వస్తుంది. సైన్సు పేరు ఎత్తేవాళ్లు ఈ మాట మాత్రం నోటి వెంట రానివ్వరు.

పోనీ, కొల్లేరు మీద పరిశోధనలు లేక ఈ పరిస్థితి వచ్చిందా అంటే అదీ కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు ఉపగ్రహ చిత్రాలు దగ్గర పెట్టుకుని ఇరవై ఏళ్ల కిందటే, సరస్సులో నలభై శాతానికి పైగా చేపల చెరువులే ఉన్నాయని చూపించారు. 2006లో చెరువుల గట్లు పేల్చేసిన ఆపరేషన్ కొల్లేరు తర్వాత ఏం మిగిలిందో మళ్లీ కొలిచారు. కేంద్రం వేసిన అజీజ్ కమిటీ ఊళ్లన్నీ తిరిగి, సరిహద్దు కుదించొద్దని చెప్పింది. ఇవన్నీ బీరువాల్లో ఉన్నాయి. వాటిని తెరిచి చదవడం మానేసి, తమకు కావలసిన జవాబు వచ్చేదాకా మళ్లీ మళ్లీ కమిటీలు అడగడం పరిశోధన అనిపించుకోదు. మొదటి కమిటీ వద్దంటే రెండోది, రెండోది వద్దంటే మూడోది. ఏదో ఒక రోజు ఎవరో ఒకరు సరేనంటారని ఎదురుచూస్తున్నారు.

నిజంగా చేయాల్సిన పరిశోధన ఉంది. అది కాంటూరు మీద కాదు, మొత్తం పరీవాహకం మీద జరగాలి. బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుడుతుంది. తమ్మిలేరు ఖమ్మం జిల్లాలో మొదలై రాష్ట్రం దాటి వస్తుంది. పైన అడవి పలచబడితే, చెరువులు పూడిపోతే, వాన నీళ్లు ఎంత వేగంగా ఏలూరు దాకా దిగుతాయో రెండు రాష్ట్రాలూ కూర్చుని లెక్క కట్టాలి. ఉప్పుటేరు మీద రెగ్యులేటర్ల ప్రతిపాదన ఏళ్లుగా నలుగుతోంది. ఎండాకాలంలో ఉప్పు నీళ్లు పైకి ఎక్కకుండా ఆపుతూనే, వరద రోజున దారికి అడ్డం పడకుండా అవి ఎలా ఉండాలో తేల్చాలి. ఈ పని చేయగల విశ్వవిద్యాలయాలు, నిపుణులు మన దగ్గరే ఉన్నారు. అడిగేవాళ్లే లేరు.

ఉప్పు సంగతి విడిగా చెప్పాలి. లంక గ్రామాల్లో పొద్దున్నే కనిపించే దృశ్యం ఇది: చుట్టూ కనుచూపు మేర నీళ్లు, ఇంటి ముందు ఖాళీ ప్లాస్టిక్ టిన్నుల వరస. తాగే నీళ్లు కొనుక్కోవాలి. దోనెలో కూర్చుని దోసిలితో కొల్లేటి నీళ్లు తాగిన కాలం తాతలకు ఇంకా గుర్తుంది. ఇప్పుడు పై ఊళ్ల మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థాలు, చేల మందులు, చెరువుల్లో మేతగా వేసే కోళ్ల వ్యర్థాల కంపు అన్నీ ఆ నీళ్లలోకే. సరస్సులో మంచినీటి మట్టం పడిపోయిన ఏడాది ఉప్పుటేరు వెంట సముద్రం పైకి ఎక్కుతుంది. నేల కింద నీళ్లూ చవుడు తిరుగుతాయి. సరస్సును సగం చేస్తే ఆ ఉప్పును ఎదురు నెట్టే మంచినీళ్లూ తగ్గుతాయి. ఇది పక్షుల సమస్య అని కొట్టిపారేసేవాళ్లు ఆటపాక గూడబాతులను పక్కనపెట్టి ఈ టిన్నుల వైపు చూడాలి.

అటువైపు వాదన లేకపోలేదు. అభయారణ్యం గీత లోపల సుమారు 15 వేల ఎకరాల జిరాయితీ భూమి, అంటే రైతుల సొంత పట్టా భూమి, చిక్కుకుంది, ఆ రైతులకు పరిహారం అందలేదు, చేపల మీద లక్షల మంది బతుకుతున్నారు, చేపల ఉత్పత్తిలో రాష్ట్రం దేశంలోనే ముందుంది. ఇవన్నీ నిజాలే. జిరాయితీ రైతుకు డబ్బు ఇవ్వాల్సిందే, పాతికేళ్లు నాన్చినందుకు ప్రభుత్వాలు సిగ్గుపడాల్సిందే. అయితే 15 వేల ఎకరాల బాకీ తీర్చడానికి 40 వేల ఎకరాలకు పైగా సరస్సును వదులుకోవాలా? పట్టా ఉన్న చిన్న రైతును ముందు నిలబెట్టి, పట్టా లేని పెద్దవాళ్లు వెనక దాక్కుంటున్నారు.

ఆ పెద్దవాళ్లెవరో కొల్లేటిలో అందరికీ తెలుసు. 1970లలో పేద మత్స్యకారుల సొసైటీలకు, దళితులకు చెరువులు ఇచ్చింది ప్రభుత్వమే. కొద్ది ఏళ్లలోనే అవి లీజుల పేరుతో బయటి పెట్టుబడిదారుల చేతుల్లోకి పోయాయి. పేరు పేదవాడిది, చేప మాత్రం లీజుదారుడిది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో ఆపరేషన్ కొల్లేరు జరిగి గట్లు పేల్చేసినప్పుడు ఉపాధి పోయింది పేదవాడికే. డబ్బున్నవాడు ఆగి, పొక్లెయిన్లు తెచ్చి, రాత్రిళ్లు మళ్లీ గట్లు వేశాడు. గట్టు లేచేటప్పుడు చూడని కళ్లు, వరద వచ్చినప్పుడు మాత్రం పడవెక్కి పరామర్శకు వస్తాయి.

మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ కలవరపెడుతున్నది ఒక్కటే. చట్టం గీసిన గీతను ఆక్రమణదారు దాటాడు. ఏళ్ల తరబడి అక్కడే కూర్చున్నాడు. ఇప్పుడు ప్రభుత్వమే వెళ్లి ఆ గీతను అతని కాళ్ల వెనక్కి జరిపితే, రాష్ట్రంలో ఉన్న ప్రతి చెరువు గట్టు మీదా ఇదే లెక్క మొదలవుతుంది. పులికాట్‌లో గీత ఎందుకు జరపకూడదు? కొండకర్ల ఆవలో ఎందుకు జరపకూడదు? హైదరాబాద్ చెరువుల ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే మట్టం) హద్దుల్లో ఇళ్లు కట్టుకున్నవాళ్లు కొల్లేరుకో న్యాయం, మాకో న్యాయమా అని అడిగితే ఏ అధికారి దగ్గర సమాధానం ఉంటుంది? రేపు బుడమేరు గట్టు మీద కట్టిన ఇంటి యజమానీ అదే కాగితం చూపిస్తాడు. చూపించే హక్కు అతనికి ఉంటుంది కూడా. అంత పెద్ద సరస్సుకే, అంతర్జాతీయ ఒప్పందం రక్షణ ఉన్న సరస్సుకే గీత జరిపినప్పుడు, ఊరి చివర పది ఎకరాల కుంటను ఎవరు కాపాడతారు? తహసీల్దారు ఏ మొహం పెట్టుకుని నోటీసు ఇస్తాడు?

ఒకసారి జరిగిన గీత రెండోసారి జరగడానికి ఎంతో కాలం పట్టదు. మూడో కాంటూరు దాకా దిగాక ఆ లోపల మళ్లీ గట్లు లేస్తాయి, పదేళ్లకు మళ్లీ పరిస్థితులు మారాయంటారు. అప్పుడు దిగడానికి ఇంకా ఎన్ని అడుగులు మిగిలి ఉంటాయి?

ప్రభుత్వానికి నిజంగా అధ్యయనమే కావాలంటే ఇవాళే మొదలుపెట్టొచ్చు. మూడో కాంటూరుకూ ఐదో కాంటూరుకూ మధ్య ఉన్న ప్రతి చెరువూ ఎవరి పేరున ఉంది, నిజంగా ఎవరు సాగు చేస్తున్నారు, లీజు డబ్బు ఎవరికి పోతోంది? సర్వే నంబర్లతో పటం వేసి జనం ముందు పెట్టండి. ఆ పటం మీదే 2024 వరద నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఇంకో గీత గీయండి. జిరాయితీ రైతుల పరిహారానికి బడ్జెట్‌లో డబ్బు కేటాయించండి. ఈ పనులకు ఏ కమిటీ అక్కర్లేదు, రెవెన్యూ, జలవనరుల శాఖల దగ్గర ఉన్న రికార్డులే చాలు.

ఆ పటం పెట్టేదాకా గీత మార్పు గురించి శాసనసభలో గానీ, కోర్టులో గానీ, కైకలూరు సభలో గానీ మాట్లాడే అర్హత ఏ పార్టీకీ లేదు. కాదూ కూడదంటే, ఆ నాయకులు ముందు నందివాడ వెళ్లాలి. గోడల మీద 2024 నీటి మరక ఉన్న ఇళ్ల ముందు నిలబడి, మీ ఊరి నీళ్లు ఆగే చోటును మేం తీసేస్తున్నామని ఆ ఇంటివాళ్ల మొహం చూసి చెప్పాలి.