పెద్ద పట్టాల మీద చిన్న బండి

ఒడిశాలోని పర్లాకిమిడిలో టెండరు గడువు సాయంత్రం అయిదింటికి అంటే, కంట్రాక్టరు బాబు ఇంటర్నెట్ కొట్టు మెట్లెక్కేది మూడున్నరకి. డిజిటల్ సంతకం టోకెను చూడ్డానికి పెన్‌డ్రైవులా ఉంటుంది. ఎక్కడైనా పారేసుకుంటానన్న భయంతో దాన్ని స్కూటరు తాళాల గుత్తికే కట్టేశాడు. కొట్టు కుర్రాడు గుత్తితో సహా దాన్ని కంప్యూటరుకి గుచ్చి, క్రోమ్ తెరిచాడు. టెండరు సైటు ఒక్క ముక్కే అంది: జావా ప్లగిన్ కావాలి. అంటే బ్రౌజరుకి తగిలించే చిన్న ప్రోగ్రాము.

కుర్రాడు జావా ఎక్కించాడు. మళ్ళీ అదే ముక్క. తీసేసి మళ్ళీ ఎక్కించాడు. మళ్ళీ అదే.

"ఏటి నానా, అవుతాదా?"

"అయిపోతాది బాబూ, ఒక్క రీస్టార్టు."

ఆ రీస్టార్టుకి పదకొండు నిమిషాలు.

వందసార్లు ఎక్కించినా అది అవదు. ఎందుకవదో ఈ ఊరివాళ్ళకి చెప్పడం తేలిక. నౌపడ నుంచి 1900లో ఇక్కడికి చిన్న రైలు వచ్చింది. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులు. 2004లో దాన్ని ఆపి, పట్టాలు పీకి, పెద్ద లైను వేశారు. ఆ పాత పెట్టె తెచ్చి ఇప్పటి లైను మీద పెడితే కదులుతుందా? జావా ప్లగిన్ కూడా ఆ పెట్టెలాంటిదే. అది నడిచే పట్టాల పేరు ఎన్‌పీఏపీఐ, బ్రౌజర్లు ప్లగిన్లని కలుపుకునే పాత పద్ధతి. క్రోమ్ 2015 సెప్టెంబరులో 45వ వెర్షన్‌తో వాటిని పూర్తిగా పీకేసింది. ఫైర్‌ఫాక్స్ 2017 మార్చిలో 52వ వెర్షన్‌తో ఆ పని చేసి, ఫ్లాష్‌ని మాత్రం కొన్నాళ్ళు ఉండనిచ్చింది. పెట్టె బానే ఉంది, లైనే లేదు.

ఇంతలో జిరాక్సుకొచ్చిన పెద్దాయన సలహా: "కొత్త జావా ఎయ్యి, పాతదెందుకు?" ఇలాంటి కొట్లలో జిరాక్సుకి డబ్బులు గానీ సలహా ఉచితం. కుర్రాడు అన్నిటికన్నా కొత్తది దించాడు, పావుగంట పోయింది. 2018లో వచ్చిన జావా 11 నుంచి అసలు బ్రౌజరు ప్లగినే లేదు. ప్లగిన్‌కి ఇంకా చోటున్నది పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోనే. అందులోకి కావలసింది జావా 8, అందులోనూ 32 బిట్‌ది. విండోస్ 64 బిట్‌దైనా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ పేజీలు మామూలుగా 32 బిట్‌లోనే నడుస్తాయి మరి. సరైనది పడిందో లేదో ఫోల్డరు చెబుతుంది: చివర ఎక్స్86 అని ఉన్న ప్రోగ్రామ్ ఫైల్స్‌లో జావా కనబడాలి.

ఎక్స్‌ప్లోరర్ 2022 జూన్ 15న రిటైరైంది కదా అంటారా? రిటైరైనా పింఛను ఆగలేదు. మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఇప్పటి బ్రౌజరు ఎడ్జ్ సెట్టింగుల్లో డిఫాల్ట్ బ్రౌజర్ అన్న చోట, సైట్లని ఎక్స్‌ప్లోరర్ మోడ్‌లో తెరవడానికి 'అలౌ' పెట్టి, ఎడ్జ్‌ని రీస్టార్ట్ చేసి, కింది జాబితాలో టెండరు పేజీ అడ్రసు చేర్చాలి. అది 30 రోజులే పనిచేస్తుంది. తర్వాత మళ్ళీ చేర్చుకోవాలి, పింఛనుదారు బతికే ఉన్నానని కాగితం ఇచ్చినట్టు. ఆపైన కంట్రోల్ ప్యానెల్‌లో జావా తెరిచి, సెక్యూరిటీ ట్యాబులో ఎడిట్ సైట్ లిస్ట్ నొక్కి, అదే అడ్రసు హెచ్‌టీటీపీఎస్‌తో సహా రాయాలి. బ్రౌజరు కిటికీలన్నీ మూసి తెరిచాకే అది అమల్లోకొస్తుంది. కుర్రాడు ఒక కిటికీ మూయలేదు, అందులో క్రికెట్ స్కోరుంది. అక్కడ ఇంకో ఆరు నిమిషాలు.

నాలుగు పదికి ప్లగిన్ కదిలింది. ఇక టోకెన్ని కంప్యూటరు గుర్తుపట్టడానికి కావలసిన డ్రైవరు ప్రోగ్రాము మిగిలింది. అది సగం దాకా ఎక్కి, కారణం చెప్పకుండా ఆగిపోయింది. యాంటీవైరస్ ఆపి చూశారు, డ్రైవరు మళ్ళీ ఆగింది. టోకెను తీసి ఊది పెట్టారు, ఆగింది. పెద్దాయన "కరెంటు చాలట్లేదేమో" అన్నాడు. చివరికి కుర్రాడి కళ్ళు ఫోల్డరు దారి మీద పడ్డాయి. యూజర్స్ తర్వాత పేరు గుండ్రటి ఒడియా అక్షరాల్లో ఉంది. ఒడియా గిరాకీలు ముచ్చటపడతారని తనే పెట్టాడు. పాత ఇన్‌స్టాలర్లు చాలావరకు ముందు ఫైళ్ళని ఆ ఫోల్డరు కిందే విప్పుకుంటాయి. ఇంగ్లీషు కాని అక్షరం తగిలితే కొన్ని అక్కడే చతికిలబడతాయి. పోనీ పేరు మారుద్దామంటే, తెర మీద మారుతుంది తప్ప ఫోల్డరు పాత పేరుతోనే ఉండిపోతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో కొత్త యూజర్ అకౌంటు తెరవడమే దారి. తెరిచాడు. ఎడ్జ్ జాబితా, జావా జాబితా రెండూ ఆ అకౌంట్‌లో మళ్ళీ మొదట్నుంచీ.

నాలుగూ నలభై ఎనిమిదికి సంతకం గడి వచ్చి పిన్ అడిగింది. పిన్ కాగితం కాశీనగర్‌లో ఇంట్లో బీరువాలో ఉంది. ఫోన్ ఎత్తింది కోడలు, ఒడియా పిల్ల. గబగబా చదివేసింది. ఒక అంకె దగ్గర "ఛఅ" అన్నదో "నఅ" అన్నదో ఈ సిగ్నల్‌లో బ్రహ్మకి కూడా తెలీదు. ఆరు కొట్టారు, తప్పు. వరసగా కొన్నిసార్లు తప్పు పడితే టోకెనే తాళం పడిపోతుంది. కుర్రాడి చెయ్యి కీబోర్డు మీదే ఆగిపోయింది.

"ఒక్కమాటు తెలుగులో చెప్పమ్మా," అన్నాడు బాబు బతిమాలుతూ.

"తొమ్మిది మామయ్యా."

నాలుగూ యాభై ఆరుకి రసీదు వచ్చింది. బాబు ప్రింటు జేబులో పెట్టుకుని, డబ్బులిచ్చి, మెట్లు దిగి స్కూటరు ఎక్కి కూచున్నాడు. రెండు జేబులూ తడుముకున్నాడు. మళ్ళీ మెట్లెక్కాడు. తాళాల గుత్తి కంప్యూటరుకే వేలాడుతోంది.